బాక్సు వచ్చిందా?

శుక్రవారం పొద్దున నిర్మల్ బస్సు వచ్చే వేళకు మా ఖానాపూర్ బస్టాండులో పదిమంది పిల్లలం హాజరు! బస్సు దిగే చుట్టాల కోసం కాదండోయ్, బస్సు మీదినుంచి దిగే బాక్సు కోసం. బాక్సంటే సినిమా రీళ్ళ పెట్టె. సొట్టలు పడిన రేకు డబ్బాలు, వాటి మీద పెయింటుతో రాసిన అంకెలు. హమాలీ దాన్ని దింపి రిక్షాలో పెట్టాడంటే ఆ వారం మా వూరికి బొమ్మ వున్నట్టే. హోటల్లో, సెలూన్లో, బడి గేటు దగ్గర ఒకటే ప్రశ్న - "బాక్సు అచ్చిందా?"

ఇది 1997, 98 నాటి ముచ్చట. హైదరాబాదులో వంద రోజులు ఆడి, కరీంనగర్, నిజామాబాద్ చుట్టి, నిర్మల్‌లో అలసి, ఆఖరికి మా వూరు చేరేసరికి ఆ ప్రింటుకు షష్టిపూర్తి అయివుండేది. హీరో మండుటెండలో పరుగెత్తుతున్నా తెరమీద వానే! నిలువు గీతల వాన. హీరోయిన్ నోరు తెరిచిందంటే ఠక్కున తెగేది. ఆమె చెప్పబోయిందేమిటో నాకు ఇప్పటికీ తెలియని సినిమాలు అరడజనున్నాయి. మేం ఈలలు వేస్తే పైన కేబిన్లోంచి కాక కేకేసేవాడు. "జర ఆగుండ్రి బిడ్డా, అతికిస్తున్న!"

ఈ వారం కబుర్లు ఆ కాక గురించీ, ఆయన దాచిన ఒక డబ్బా గురించీ. ఆయన పేరు రాయను. "పేపర్ల నా పేరెందుకు బిడ్డా, నా పని రాయి" అని ఆయనే అన్నాడు.

కాక మా టాకీసు ఆపరేటరు. ఫిల్ము తెగితే దెబ్బతిన్న నాలుగంగుళాలు కత్తిరించి, రెండు కొసలూ గీకి, జిగురు రాసి అతికేవాడు. ఆ కత్తిరించిన ముక్కలు మాకు పెన్నిధి. ఫ్యూజు పోయిన బల్బులో నీళ్ళు పోసి, ముక్క దాని వెనక పట్టుకుని, ఒకడు బయట అద్దంతో ఎండను లోపలికి కొడితే - గోడమీద బొమ్మ! తలకిందులుగా వచ్చేది. వస్తే ఏం? మా ఇంట్లో సినిమా! ఒక ఫైటింగు ముక్కకు నాలుగు గోలీలు రేటు. హీరోయిన్ ముక్కకు పది.

మాకు పంచగా మిగిలిన ముక్కల్ని కాక ఒక బిస్కెట్ల డబ్బాలో వేసుకునేవాడు. ఎందుకని అడిగితే నవ్వేవాడు. "పారెయ్య మనసొప్పది. మనుషులున్నరు గద దీంట్ల."

పోయిన బతుకమ్మ పండక్కి వూరెళ్ళినప్పుడు చిన్నమ్మను, అంటే కాక భార్యను చూడబోయాను. కాక 2021లో పోయాడు. మాటల మధ్యలో ఆవిడే లేచి సజ్జమీదినుంచి ఆ డబ్బా దింపింది. "మీ కాకది. నువ్వే తీస్కపో. వాసనొస్తున్నది, ఏం జేస్కోను?" అంది. మూత తీశాను. గుప్పుమని సిర్కా వాసన! పాడైన పచ్చడి జాడీ తెరిచినట్టు.

ఆ వాసన ఏమిటో నాకు తెలుసు. తెలుసు గనుకనే గుండె జారిపోయింది.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. మొదట్లో సినిమా ఫిల్ము సెల్యులోజ్ నైట్రేటుతో తయారయ్యేది. బొమ్మ అద్భుతంగా పడేది గానీ అది ఇంచుమించు మందుగుండు. అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. 1950 ప్రాంతంలో దాన్ని మానేసి, తేలికగా మండని ఎసిటేటు ఫిల్ము వాడుకలోకి తెచ్చారు. 'సేఫ్టీ ఫిల్ము' అని పేరు కూడా పెట్టారు. నిప్పుకైతే సేఫ్టీయే. వేడికీ తేమకూ మాత్రం కాదు. మన ఎండలకు, మన వానలకు అది లోపలినుంచే పులిసిపోతుంది. పులిసినకొద్దీ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మళ్ళీ ఫిల్మునే తింటుంది. ఫిల్ము ముడుచుకుంటుంది, వంకర తిరుగుతుంది, ఆఖరికి పెళుసై పొడి రాలుతుంది. దీనికి 'వినిగర్ సిండ్రోమ్' అని పేరు. పక్క డబ్బాకూ అంటుకుంటుందండీ, కండ్లకలకలా!

2022 జూలైలో కడెం ప్రాజెక్టు నిండి మా చుట్టుపక్కల వూళ్ళన్నీ గుండెలు బిగబట్టుకున్న వారం గుర్తుందా? ఆ వానలకు చిన్నమ్మ ఇల్లు కూడా కారిందట. సజ్జమీద డబ్బా తడిసివుంటుంది. అంతకు ముందు ఇరవై ఎండాకాలాలు కూడా ఆ సజ్జమీదే గడిచాయి మరి.

"పాత ముక్కలకు ఇంత ఏడుపేమిటయ్యా?" అంటారేమో. మనవాళ్ళు పోగొట్టుకున్నదేమిటో చెబుతాను, వినండి. తెలుగువారి తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ', 1921. రఘుపతి వెంకయ్యగారు, వారబ్బాయి ప్రకాశ్ కలిసి తీసింది. ఒక్క అడుగు ఫిల్ము కూడా లేదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద', 1932. హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వం. లేదు. తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా', 1931. అదీ లేదు. తమాషా ఏమిటంటే ఈ 'ఆలం ఆరా'లోనూ, 'భక్త ప్రహ్లాద'లోనూ, తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లోనూ నటించిన మనిషి ఒక్కరే - మన ఎల్.వి. ప్రసాద్‌గారు. మూడు భాషల తొలి టాకీల్లో నటించిన మనిషిని ఆ వయసులో తెరమీద చూద్దామంటే మనకు మిగిలింది ఫోటోలే. మన దేశంలో మూకీలు వెయ్యికి పైగా తీశారు. దక్కినవి ఏ కొన్నో, అందులోనూ చాలామటుకు తునకలు.

అన్నీ కాలిపోయాయనుకుంటున్నారా? చాలా వాటిని అమ్మేశారు! బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి వుంటుంది. ఆట అయిపోయిన ప్రింటును కరిగించి వెండి తీసుకునేవాళ్ళు. వెండితెర అని ఇందుకే అంటారా అని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అందుకు కాదు లెండి.

ఈ దోపిడీకి అడ్డుపడ్డ మనిషి పి.కె. నాయర్. 1964లో పూణెలో నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టింది. 1991లో రిటైరయ్యేదాకా ఆయన అందులోనే బతికాడు. ఎక్కడ పాత డబ్బా వుందంటే అక్కడికి రైలెక్కేవాడు. ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర', 'కాళీయ మర్దన్' ఇవాళ దొరికినంతమేరకైనా దొరికాయంటే ఆయన చలవే. దాదాపు పన్నెండు వేల చిత్రాలు పోగుచేశాడు. ఆయనమీద శివేంద్ర సింగ్ దుంగార్పుర్ తీసిన 'సెల్యులాయిడ్ మ్యాన్' (2012) చూసి తీరండి. నాయర్‌గారి రోజుల్లో ఆర్కైవ్ మనిషి పని మూడు ముక్కల్లో చెప్పొచ్చు. వెతకాలి, తేవాలి, చల్లగా దాచాలి. చేతికి గ్లవుజు, ముక్కుకు వాసన పట్టే తెలివి, చీకట్లో తాళంచెవి. అంతే.

అంత కష్టపడ్డా 2003 జనవరిలో పూణెలోనే గోదాములో నిప్పు పుట్టి వందలాది చిత్రాల నైట్రేటు రీళ్ళు బూడిదయ్యాయి. 'ఆలం ఆరా' కూడా అప్పుడే కాలిందని ఇప్పటికీ రాసేవాళ్ళున్నారు. పొరపాటు. అంతకు ఎంతో ముందే అది నాయర్‌గారికి దొరకలేదు.

ఇప్పుడు డిజిటల్ సంగతికి వద్దాం. మీకు తెలిసిన చోటినుంచే మొదలుపెడతాను. 2022 ఆగస్టు 9, మహేష్‌బాబు పుట్టినరోజు. 2006 నాటి 'పోకిరి' మళ్ళీ థియేటర్లకొచ్చింది, 4కే అని బోర్డు పెట్టుకుని. మరుసటి నెల 'జల్సా'. కాగితాలు చించి గాల్లోకి విసిరి, తెరముందు గంతులేసిన మీలో ఎంతమందికి తెలుసు, ఆ 4కే ఎక్కడినుంచి వచ్చిందో? ఫిల్ము మీద తీసిన సినిమా 4కే కావాలంటే అసలు నెగటివ్‌నో, అది లేకుంటే దొరికిన మంచి ప్రింటునో స్కాన్ చెయ్యాలి. అంటే ఎవరో ఒకరు ఇన్నేళ్ళూ ఒక డబ్బాను చెడకుండా చూసుకుంటేనే మీ గంతులు!

స్కానింగ్ ఎలా చేస్తారో చెబుతాను. ముందు రీలును విప్పి చేత్తో తడుముతూ చూస్తారు. చిరిగిన పళ్ళు - అంటే అంచు రంధ్రాలు - అతికిస్తారు. శుభ్రం చేస్తారు. ఆ పైన స్కానరులో ఒక్కొక్క ఫ్రేమునూ ఫోటో తీస్తారు. సెకనుకు 24 ఫ్రేములు. రెండున్నర గంటల మన సినిమాకు లెక్క కట్టండి - రెండు లక్షల పదహారు వేలు! ఒక్కో ఫ్రేము యాభై మెగాబైట్లు వేసుకున్నా మొత్తం పది టెరాబైట్లకు పైనే. మీ జేబులో వున్న 128 జీబీ ఫోన్లు ఎనభై పైచిలుకు కావాలి, ఒక్క సినిమాకు.

తరువాత కంప్యూటరు గీతల్నీ మచ్చల్నీ తుడుస్తుంది. ఎలాగంటే, ముందు ఫ్రేములోనూ వెనక ఫ్రేములోనూ లేని చుక్క మధ్య ఫ్రేములో వుంటే అది దుమ్మని లెక్క. బాగానే వుంది. మన పౌరాణికాల్లో అస్త్రాలు, నిప్పురవ్వలు కూడా ఒక్క ఫ్రేములో మెరిసి మాయమవుతాయే! ఏమరుపాటుగా వుంటే యంత్రం అర్జునుడి బాణాన్ని దుమ్మని తుడిచేస్తుంది. అందుకే పక్కన మనిషి కూర్చోవాలి. ఏది మచ్చ, ఏది మంత్రం - తేల్చాల్సింది మనిషే. ఆర్కైవ్ మనిషికి ఇప్పుడొచ్చిన కొత్త పని ఇదే. గ్లవుజు తీసి మౌసు పట్టాడనుకోకండి. రెండూ పట్టాలి.

ఇక రంగులు. అన్నింటికన్నా చిక్కు ఇక్కడుంది. కాక డబ్బాలో రంగుల ముక్కలు చాలావరకు ఒకే రంగుకు తిరిగాయి. ఎరుపు, కుంకుడు రసంలో కుంకుమ కలిపినట్టు. పాత ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్ల జబ్బు ఇది. ఫిల్ములో మూడు రంగుల పొరలుంటే నీలి ఛాయ ముందు వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. కంప్యూటరు దాన్ని సరిచేయగలదు. ఆకాశాన్ని నీలంగా, గడ్డిని పచ్చగా తెస్తుంది. హీరోయిన్ చీర సంగతేమిటి? అది ఆకుపచ్చా, నెమలికంఠమా, ముదురు నీలమా? యంత్రానికేం తెలుసు? అందుకే బయటి దేశాల్లో పెద్ద పెద్ద చిత్రాలు బాగుచేసేటప్పుడు ఆ ఛాయాగ్రాహకుణ్ణి, ఆయన లేకపోతే ఆయన దగ్గర పనిచేసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటారు. 'ఇది కాదు, ఇంకొంచెం తగ్గించు' అనే మనిషి కావాలి.

'మాయాబజార్'కు 2010లో రంగులు వేశారు కదా, అది వేరే సంగతి. 1957లో కె.వి. రెడ్డిగారు తీసింది, మార్కస్ బార్ట్లే కెమెరాలో చూసింది బ్లాక్ అండ్ వైట్. ఆ వెన్నెల వెలుగునీడల్లో పుట్టింది. రంగులు మన కాలంవాళ్ళు ఎంచుకున్నవి. మా చెల్లెలు రంగుల్లోనే చూసి మురిసిపోయింది, కాదనను. ఆ రంగుల పుణ్యమా అని ఒక తరం కుర్రకారు ఆ సినిమాకు టిక్కెట్టు కొన్నారు. కానీ అది అలంకారం. బాగుచేయడమంటే వున్నదాన్ని వున్నట్టు నిలపడం. రెండూ ఒకటే అనుకుంటే మాత్రం రేపు ఏది అసలో ఏది మనం వేసిందో చెప్పేవాడు వుండడు.

సరే, స్కాన్ చేశాం, తుడిచాం, రంగులు తెచ్చాం. ఇక భయంలేదుగా? మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు నా బుద్ధితక్కువతనం చెప్పుకోవాలి. 2016లో వూరెళ్ళి కాకను కూర్చోబెట్టి మూడు గంటలు ఫోన్లో రికార్డు చేశాను. ఆ డబ్బా ముందు పెట్టుకుని ఒక్కొక్క ముక్కా వెలుతురుకు పట్టి చెప్పాడు. ఇది ఏ సినిమా, ఏ రీలు, ఎందుకు తెగింది, ఎక్కడ నిడివి ఎక్కువైందని ఏ పాట ఎత్తేయించారు, తెరమీద మొదటిసారి పడ్డప్పుడు చీర ఏ రంగు... అన్నీ! "గీ పాటల ఆమె కట్టింది గులాబి గాదు బిడ్డా, నేను రోజుకు నాలుగాటలు చూసిన" అని కోప్పడ్డాడు కూడా. నేను పరమానందంగా ఆ మూడు గంటల్నీ ఒక హార్డ్ డిస్కులో వేసి, ఫోన్లోది చెరిపేశాను. జాగా కావాలి కదా, పాటలకు!

2019లో ఒకరోజు ఆ డిస్కు టిక్ టిక్ అంది. అంతే సంగతులు. హైదరాబాదులో ఒక షాపువాళ్ళు నెలరోజులుంచుకుని, "ఏం రాలేదు సార్" అని చేతిలో పెట్టారు. మళ్ళీ రికార్డు చేద్దాంలే అనుకున్నాను. ఈలోగా కరోనా. ఆ తరువాత కాకే లేడు.

ఇప్పుడు చూడండి విడ్డూరం! పాతికేళ్ళనాటి ఫిల్ము ముక్క - సజ్జమీద ఎండి, వానకు తడిసి, పులిసి - ఇవాళ కూడా కిటికీ దగ్గర పట్టుకుంటే మనిషి కనిపిస్తాడు. మూడేళ్ళనాటి డిజిటల్ రికార్డు మాత్రం ఆనవాలు లేకుండా పోయింది. ఫిల్ము చెడేటప్పుడు వాసనొచ్చి చెబుతుంది. ఫైలు చెప్పదు.

నాలాంటి అర్భకుడికే కాదు, మహామహులకూ ఇదే గతి. 'టాయ్ స్టోరీ 2' చూశారుగా? 1998లో అది తయారవుతుండగా పిక్సార్ కంప్యూటర్లలో ఎవరో ఇచ్చిన ఒక్క తప్పుడు ఆదేశానికి బొమ్మలన్నీ కళ్ళముందే చెరిగిపోసాగాయి. పోనీ బ్యాకప్ వుందిగా అని చూస్తే అది సరిగా పనిచేయడమే లేదు! చివరికి గలీన్ సస్మన్ అనే ఉద్యోగిని పసిబిడ్డను చూసుకుంటూ ఇంటినుంచి పనిచేయడానికి ఇంటి కంప్యూటర్లో పెట్టుకున్న కాపీ ఆదుకుంది. 1999లో వచ్చిన ఆ సినిమా ఒక బాలింత ఇంట్లో బతికిందన్నమాట.

ఆర్కైవుల్లో ఇప్పుడు డిజిటల్ కాపీల్ని ఎల్.టి.ఓ అనే అయస్కాంత టేపుల మీద దాస్తారు. పాత క్యాసెట్టుకు పెద్దన్నయ్య అనుకోండి. కొన్నేళ్ళకొకసారి కొత్త తరం టేపు వస్తుంది. కొత్త యంత్రం ఒకటి రెండు తరాల కిందటి టేపును మించి చదవదు. కాబట్టి ఏడెనిమిదేళ్ళకొకసారి మొత్తం సరుకంతా కొత్త టేపులోకి మార్చాలి. ఏ ఏడాది డబ్బు లేకపోతే, ఏ ఆఫీసరు సంతకం ఆలస్యమైతే, ఆ ఏడాదే ప్రమాదం. నాయర్‌గారు డబ్బాను చల్లని గదిలో పెట్టి తాళం వేస్తే పదేళ్ళయినా అది అక్కడే వుండేది. సరైన చలిలో పెడితే నూరేళ్ళు కూడా. ఇప్పటివాళ్ళకు ఆ తాళం వేసే సుఖం లేదు. అందుకే తెలిసినవాళ్ళెవరూ స్కాన్ చేశాక ఫిల్ము పారెయ్యరు. కాలిన ఫిల్ము కూడా పారెయ్యకూడదనడానికి 'పథేర్ పాంచాలీ'యే సాక్ష్యం. 1993లో లండన్ ల్యాబు అగ్నిప్రమాదంలో సత్యజిత్ రాయ్ నెగటివ్‌లు కాలితే, ఆ మాడిన రీళ్ళను అమెరికాలోని అకాడమీవాళ్ళు దాచివుంచారు. ఇరవై ఏళ్ళ తరువాత ఇటలీలోని బొలొన్యాలో వాటికి మళ్ళీ తేమ పట్టించి, స్కాన్ చేసి, 2015లో కొత్త బొమ్మ తెరకెక్కించారు. 1993లో ఆ యంత్రాలు లేవు. పారేసివుంటే?

మనవాళ్ళు అసలేం చేయడంలేదా అంటే, చేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వం నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్ కింద 2022లో రెండువేలకు పైగా చిత్రాలను బాగుచేసే పని ప్రకటించింది. అదే ఏడు పూణె ఆర్కైవును ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపారు. దుంగార్పుర్ 2014లో పెట్టిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో రీళ్ళు బాగుచేయడం నేర్పే శిక్షణ నడిపింది. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి 'దేవదాసు', 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ', 'ప్రేమనగర్' వగైరా పది చిత్రాలను దేశమంతా పెద్దతెరమీద వేశారు. సంతోషమే. అయితే పుస్తకం అచ్చేస్తే జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలని 1954లో చట్టం చేశారుగానీ, సినిమాకు అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. నాగేశ్వర్రావుగారి సినిమాకైతే అన్నపూర్ణ వుంది. దిక్కులేని సినిమాలకు?

మా జిల్లా సినిమానే తీసుకోండి. 'ఆర్.ఆర్.ఆర్' (2022) వచ్చాక కొమురం భీం పేరు ప్రపంచమంతా మోగింది. అంతకు ముప్పై ఏళ్ళ కిందటే అల్లాణి శ్రీధర్ 'కొమరం భీం' తీశారు. 1990లోనే నంది బహుమతులు కూడా వచ్చాయి. థియేటర్లకు వచ్చింది మాత్రం 2010లో! ఆ ఇరవై ఏళ్ళూ ఆ రీళ్ళు ఎక్కడో చోట చెడకుండా వుండబట్టే కదా మనం చూడగలిగాం. జోడేఘాట్ పోరాటం మీద తీసిన సినిమా సిర్కా వాసన కొట్టి పొడైపోతే అడిగే నాథుడు వుండేవాడా?

డిజిటల్‌ను తిడుతున్నాననుకునేరు. మా ఆదిలాబాద్‌కే అది చేసిన మేలు ఒకటుంది. నార్నూరు పక్కన గుంజాల అనే వూళ్ళో గోండుల ఇళ్ళల్లో చేతిరాత పుస్తకాలున్నాయి, గోండుల సొంత లిపిలో. చదవగలిగిన పెద్దలు అప్పటికి నలుగురైదుగురికి మించి లేరు. జయధీర్ తిరుమలరావుగారు, ఆయన మిత్రులు ఆ పెద్దల దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకుని, ఆ రాతల్ని కాపీలు తీయించి, లిపికి కంప్యూటరు అక్షరాలు చేయించారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇక ఏ ఫోన్లోనైనా ఆ అక్షరాలకు చోటుంది. ఇక్కడ గమనించండి. కంప్యూటరు తరువాత వచ్చింది. ముందు ఆ ముసలివాళ్ళు బతికివుండగా ఎవరో వెళ్ళి పక్కన కూర్చున్నారు. నేనూ కాక పక్కన కూర్చున్నాను. కానీ రెండో కాపీ తీయలేదు.

డబ్బా హైదరాబాదు తెచ్చాను. తెలిసినవాళ్ళను అడిగి చేయవలసినవి చేశాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ముక్కలుంటే పనికొస్తాయి, చెబుతాను. గాలి చొరబడని డబ్బాలో బిగించి పెట్టకూడదు, ఆమ్లపు ఆవిరి లోపలే తిరిగి ఫిల్మును తింటుంది. వాసనొచ్చేవి, రానివి వేరుచేయాలి. గుడ్డతో తుడవకూడదు, గీతలు పడతాయి. చల్లగా, పొడిగా, గాలి ఆడే చోట వుండాలి. కొడాక్ ఫిల్మయితే అంచున చిన్న చిన్న గుర్తులుంటాయి, గుండ్రం, చతురస్రం, త్రికోణం. వాటినిబట్టి ఆ ఫిల్ము తయారైన సంవత్సరం తెలుస్తుంది. కాకపోతే అవే గుర్తులు ఇరవై ఏళ్ళకొకసారి తిరిగొస్తాయి గనుక బొమ్మను చూసి తేల్చుకోవాలి. ఇక అన్నింటికన్నా ముందు ప్రతి ముక్కనూ ఫోటో తీసి మూడు చోట్ల దాచండి. మూడు చోట్ల! నేను ఇప్పుడు నాలుగు చోట్ల దాస్తున్నాను. పాముకాటు తిన్నవాడి సంగతి తెలుసుగా.

మొత్తం నూట నలభై మూడు ముక్కలు. పందొమ్మిది పొడైపోయాయి. మిగతావాటిలో తొంభైదాకా నటీనటులనుబట్టి గుర్తుపట్టగలిగాను. నా పాత నోటుబుక్కులో ఆనాడు గబగబా గీకిన రెండు పేజీలు మాత్రం దొరికాయి. అంతా ఫోన్లో రికార్డవుతోంది కదా అని సరిగా రాయలేదు. అందులో ఒకచోట నా చేతిరాతే ఇలా వుంది. 'మూడో కట్ట. బావిగట్టు. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. పాట ఎత్తేశారు. కాకకు ఇష్టం.' సినిమా పేరు లేదు.

మూడో కట్ట విప్పితే మూడు ఫ్రేముల ముక్క ఒకటుంది. బావిగట్టు, గిలక, చేదతాడు పట్టుకుని ఒకావిడ. ముఖం సగమే పడింది. చీర ఇప్పుడు ఎర్రగా వుంది. ఆ మూడు ఫ్రేములూ ఈ పేజీలోనే అచ్చేయించాను. మీకు తెలియదు లెండి, మీరింకా చిన్నవాళ్ళు. మీ అమ్మకో, పెద్దమ్మకో, మీ వూరి టాకీసులో పనిచేసిన ఏ కాకకో చూపించండి. సినిమా పేరు అడగండి. చీర రంగు కూడా అడగండి, నేను రాసింది ముందు చెప్పకుండా.